పురుగుమందు – కాన్సరు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

ఖమ్మం జిల్లాలోను, భద్రాచలం అడవి అంచున దుమ్ముగూడెం, చర్ల ప్రాంతములలోను మిరప, పత్తి విస్తారముగా సాగగుచున్నవి. ఈ పైర్లకు తరచుగా మందు కొట్టుచున్నారు. మందు కొట్టినవారికి తల తిరుగుట, వాంతులగుట అందరెరిగినదే. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంటికి తగిలిన మందు చేయు కీడు మాత్రము వెంటనే కనబడదు.

డబ్బాపై నీలము లేక ఆకుపచ్చ గుర్తున్న మందు నిరపాయకరమని పలువురి నమ్మకము. ఇది పొరపాటు. ఎంత మోతాదు ప్రాణము తీయునో ఆ రంగు తెలుపును. కాన్సరు సంగతి తెలుపదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2015లో మలాథియాన్, డయాజినాన్ అను పురుగుమందులను, గ్లైఫోసేట్ అను కలుపుమందును బహుశా కాన్సరు కలిగించునవిగా వర్గీకరించినది. లిండేను కాన్సరు కారకమేనని నిర్ధారించినది. మన దేశమున లిండేను వాడకము 2013లో నిషేధింపబడినది. అంతకుముందు ఏండ్ల తరబడి దానిని చల్లిన రైతులు కలరు. కనుక నిషేధము వచ్చువరకు ఆగక, జాగ్రత్త మనమే పడవలెను.

ఈ వర్గీకరణ సాక్ష్యబలమును తెలుపును గాని, మందు ముట్టిన ప్రతివారికి జబ్బు వచ్చునని చెప్పదు. ఎంత మందు, ఎన్నాళ్లు తగిలినదను దానిపై అపాయము ఆధారపడును. తగులుటను తగ్గించుకొనుట మన చేతిలోనున్నది.

1. మందు కొట్టువారికి అది ఎక్కువగా చర్మము ద్వారానే లోనికి పోవును. కలుపునపుడు మందు చిక్కగా నుండును గనుక రబ్బరు తొడుగులు వేసికొని, కర్రతో కలుపవలెను.

2. కారు పంపును వీపున తగిలించుకొనరాదు. తొడల సందు చర్మము ముంజేతికంటె అనేక రెట్లు మందును పీల్చును. బట్టలు తడిసినచో వెంటనే విప్పి, సబ్బుతో స్నానము చేయవలెను.

3. గాలికి ఎదురుగా కొట్టరాదు. మందు బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకరాదు.

4. గూడెముల నుండి వచ్చు కూలీలు ఉత్త చేతులతో కాయ కోయుదురు. ఏ మందు ఎప్పుడు కొట్టినది వారెరుగరు, రైతే చెప్పవలెను. డబ్బాపై తెలిపిన గడువు తీరనిదే కోయించరాదు.

5. పంపును వాగులో కడుగరాదు. ఖాళీ డబ్బాలో నీరు, నూనె పోయరాదు.

6. చేనిలో పురుగును చూచి కొట్టుడు. పొరుగువాడు కొట్టెనని కొట్టకుడు.

ఏ మందు ఏనాడు కొట్టినది పుస్తకములో వ్రాసి ఉంచుకొనుడు. ఒంటిపై గడ్డగాని, మానని పుండుగాని కనబడినచో ఆలస్యము చేయక, ఆ పుస్తకముతో డాక్టరు వద్దకు వెళ్లుడు.