పల్లె పాటకు చెవి ఒగ్గిన హంగేరీ సంగీతకర్తలు



ఐరోపా నడుమ ఉన్న హంగేరీ చిన్న దేశం. అయినా పాశ్చాత్య శాస్త్రీయ సంగీత చరిత్రలో దానికి పెద్దపీట ఉంది. ఈ గౌరవం దానికి ఎలా దక్కింది? ముగ్గురు సంగీతకర్తల జీవితాలను పరిశీలిస్తే ఇందుకు సమాధానం దొరుకుతుంది.

1. ఫ్రాంజ్ లిస్ట్ (1811–1886)

లిస్ట్ తన కాలంలో పియానో వాయించడంలో సాటిలేనివారు. 1838లో డాన్యూబ్ నది పొంగి పెస్ట్ నగరం మునిగినప్పుడు వియన్నాలో కచేరీలు చేసి, వచ్చిన సొమ్మును బాధితులకు పంపారు. 1865లో రోమునగరంలో చిన్న పట్టాలు పొందారు. గురుపట్టం మాత్రం పొందలేదు. దివ్యపూజకు సంగీతం కూర్చారు, క్రీస్తు జీవితంపై గొప్ప గేయకృతి రచించారు. 1875లో బుడాపెస్ట్‌లో ఆరంభమైన సంగీత అకాడమీకి తొలి అధ్యక్షులు ఆయనే.

అయితే ఒక విషయంలో ఆయన పొరబడ్డారు. పట్టణాలలో రోమా (జిప్సీ) వాద్యబృందాలు వాయించే పాటలే హంగేరీ జాతి సంగీతమని నమ్మి, 1859లో ఒక పుస్తకం ప్రకటించారు. ప్రఖ్యాతమైన తన ‘హంగేరియన్ రాప్సొడీ’లను కూడా ఆ బాణీలతోనే అల్లారు. నిజానికి ఆ పాటలలో చాలావరకు పట్టణాల కలవారు ఆ మధ్యకాలంలో కట్టినవే. పొలాలలో పాడే పాత పాటల వైపు ఎక్కువమంది చూపు పోలేదు.

2. బేలా బార్తోక్ (1881–1945), జోల్తాన్ కోదాయ్ (1882–1967)

1904లో ఒక పనిపిల్ల పాడుకుంటున్న పాట బార్తోక్ చెవిన పడింది. అలాంటి పాటను అంతకు ముందు ఆయన ఏ కచేరీలోనూ వినలేదు. మరుసటి ఏడు కోదాయ్ పల్లెలకు వెళ్లి పాటలు సేకరించడం మొదలుపెట్టారు. బార్తోక్ ఆయనతో చేయి కలిపారు. పాటను మైనపు గొట్టాలపై పట్టే ఫోనోగ్రాఫు యంత్రాన్ని వెంట తీసుకుని ఊరూరా తిరిగారు. పట్నం దొరల ముందు పాడటానికి ముసలమ్మలు సిగ్గుపడేవారు. వారిని ఓపికతో బతిమాలి పాడించుకోవలసి వచ్చేది. ఆ ముసలివారు కన్నుమూస్తే పాటలు కూడా వారితోనే మట్టిలో కలిసిపోతాయని ఇద్దరికీ తెలుసు.

ఆ పాటలలో వారికి ఏమి కనిపించింది? పాతవాటిలో అనేకం ఐదు స్వరాలవే. మన శుద్ధ ధన్యాసి రాగపు స్వరాలకు ఇవి దగ్గర. పై స్థాయిలో పాడిన భాగాన్నే కింది స్థాయికి దించి మళ్లీ పాడటం వీటిలో తరచుగా కనిపించే మరొక లక్షణం. బార్తోక్ స్లొవాక్, రొమేనియన్ పాటలను కూడా అంతే శ్రద్ధతో సేకరించారు. పొరుగు జాతివారి పాటలెందుకని 1920లో స్వదేశంలోనే కొందరు ఆయనను నిందించారు. అయినా ఆయన తన పని మానలేదు. 1936లో టర్కీకి కూడా వెళ్లి పాటలు సేకరించారు. 1940లో యుద్ధకాలంలో దేశం విడిచి అమెరికా చేరి, అనారోగ్యంతో బాధపడుతూనే 1943లో ‘కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ రచించారు. పల్లె పాట నేర్పిన స్వరాల నడక ఆ కృతిలో అడుగడుగునా వినిపిస్తుంది.

3. బిడ్డకు తొలి వాద్యం

కోదాయ్ మరో అడుగు ముందుకు వేశారు. సేకరించిన పాట పుస్తకాలలో మిగిలిపోతే ఏమి లాభం? అది పిల్లల నోటికి చేరాలి. బిడ్డకు తొలి వాద్యం తన గొంతే. మాతృభాష నేర్చినట్లే మొదట తన నేల పాటలు నేర్వాలి. పరదేశపు పాటలు ఆ తరువాత అని ఆయన బోధించారు. 11వ శతాబ్దపు మఠవాసి గ్విడో ప్రారంభించిన స్వరనామాల పద్ధతికి చేతి సంజ్ఞలను జోడించి బడులలో వాడారు. మనం షడ్జమాన్ని ఏ శ్రుతిలోనైనా నిలుపుకున్నట్లే వారు ‘దో’ను నిలుపుకుంటారు. 1950లో ఆయన పుట్టిన కెచ్కెమేత్ పట్టణంలో సంగీతానికి ప్రాధాన్యమిచ్చే ప్రాథమిక పాఠశాల వెలసింది. తరువాత ఈ పద్ధతి ఎన్నో దేశాలకు వ్యాపించింది.

1945 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ముట్టడిలో ఉంది. కోదాయ్ ఒపేరా భవనంలో తలదాచుకున్నారు. ఆయన కూర్చిన ‘మిస్సా బ్రేవిస్’ అనే పూజాసంగీతాన్ని ఆ భవనంలో, ప్రేక్షకులు కోట్లు విడిచే గదిలో, హార్మోనియం తోడుగా మొదటిసారి పాడారు. శాంతిని వేడుకునే ‘దేవుని గొర్రెపిల్ల’ ప్రార్థనను ఆ రోజు అక్కడివారు ఎలా విని ఉంటారో ఊహించండి.

లిస్ట్‌కు ప్రతిభ కొరవడలేదు. బార్తోక్, కోదాయ్ ఆయనను చిన్నచూపు చూడలేదు. ఆయన పేరు మోసే అకాడమీలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. వారు అదనంగా చేసిన పని ఒక్కటే: ఎవరూ లెక్కచేయని వారి ముందు కూర్చుని వినడం. హంగేరీ సంగీతం తన సొంత గొంతును తెలుసుకున్నది అక్కడే.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి:

1. మన ఇంటి పెద్దలకు మాత్రమే తెలిసిన పాట ఏది? దానిని పిల్లలలో ఎవరు నేర్చుకున్నారు?

2. పిల్లలకు కీబోర్డు కొనివ్వకముందు వారితో కలిసి మనం ఎన్ని పాటలు పాడాము?