తరగతి గదికి తగిన మాంసాహార మత్స్యము

ప్రకృతిశాస్త్ర పాఠములలో జీవులకును వాని ఆహారమునకును గల సంబంధము ముఖ్యమైనది. పెద్దచేప చిన్నచేపను తినునని పుస్తకమున చదువుటకంటె, గాజుతొట్టిలో ఒక చేప తన యెరను కనిపెట్టి, పొంచియుండి, పట్టుకొను విధమును కన్నులార చూచుట మేలు. కావుననే విద్యార్థులు పలువురు వేటాడు చేప నొకదానిని తరగతి గదిలో పెంపవలెనని కోరుదురు. కోరిక మంచిదే. కాని యెన్నికలో తొందరపడినచో చేపకు హానియు, పాఠశాలకు వృథావ్యయమును, ఒక్కొక్కప్పుడు ఊరి చెరువునకే కీడును కలుగును. అట్లు కాకుండ విచారించి యెన్నుకొను విధమును ఈ పాఠమున తెలిసికొందము.

1. వేటాడు చేప వెనుకనున్న చెరువు

చెరువులో సూర్యరశ్మివలన నాచు మొదలగు నీటిమొక్కలు పెరుగును. వానిని నీటిపురుగులు తినును. పురుగులను చిరుచేపలు తినును. చిరుచేపలను పెద్దచేపలు మ్రింగును. ఇట్లు ఒక్కొక్క మెట్టు పైకి పోయిన కొలది, క్రింది మెట్టునందలి శక్తిలో సుమారు పదియవ వంతు మాత్రమే పై మెట్టునకు చేరును. తక్కినది శ్వాసకును, కదలికకును వ్యయమగును, లేదా తినబడకయే మిగిలిపోవును. చెరువులో చిరుచేపలు వేలకొలది యుండగా వాలుగలు కొలదిగానే యుండుటకు కారణమిదియే. ఒక్క వాలుగ బ్రతుకుటకు దాని వెనుక ఒక చెరువంతయు పనిచేయవలెను.

తరగతి గదిలో ఆ చెరువు లేదు. ఆహారమిచ్చుట, మాలిన్యమును పోగొట్టుట, తిరుగుటకు తావిచ్చుట యను చెరువుపనులన్నియు విద్యార్థులే చేయవలెను. చేప పెరిగిన కొలది ఆ పనియు పెరుగును. కాబట్టి మొదట వేయవలసిన ప్రశ్న యిది: మనము ఏ చేపకు చెరువు కాగలము?

2. నాలుగు పరీక్షలు

ఏ చేపనైనను కొనుటకు ముందు నాలుగు విషయములు విచారింపవలెను. మొదటిది, పూర్తిగా పెరిగినప్పుడు దాని పొడవెంత? అంగడిలో కనబడునది పిల్ల మాత్రమే. రెండవది, దాని ఆహారము దినదినము మనకు దొరకునా? మూడవది, వేసవి సెలవులలో దాని నెవరు చూతురు? నాలుగవది, అది యే దేశపు చేప, తప్పించుకొని మన నీళ్లలో పడినచో ఏమగును?

3. తగని చేపలు

అంగళ్లలో విరివిగా అమ్మునది ఆస్కార్ అను చేప. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా. రెండంగుళముల పిల్లగా చూచుటకు ముచ్చటగా నుండును; యజమానిని గుర్తుపట్టినట్లు గాజు నొద్దకు వచ్చును. కాని అది అడుగు పొడవు పెరుగును, పదియేండ్లకు పైగా జీవింపగలదు, నీటిని మిక్కిలి మలినపరచును. దానికి వందలకొలది లీటర్ల తొట్టి కావలెను. మొదటి పరీక్షలోనే అది తప్పినది.

మొసలి మూతిగల ఎలిగేటర్ గార్ చేపను చూచి బాలురు ఆశ్చర్యపడుదురు. అది ఉత్తర అమెరికా నదులకు చెందినది. ఆరడుగులకు మించి పెరుగగలదు. ఇట్టి చేప పెరిగి తొట్టి చాలనప్పుడు కొందరు దానిని సమీపపు నీటిలో విడుతురు. 2023లో కాశ్మీరమునందలి దాల్ సరస్సులో ఈ గార్ చేప కనబడి అధికారులకు ఆందోళన కలిగించినది. మన తెలుగుదేశపు చెరువులలోను కాలువలలోను నేడు జాలరుల వలలను చింపుచున్న సక్కర్ చేప వేటచేప కాదు. కాని అదియు అలంకారపు తొట్టెలకై తేబడిన పరదేశపు చేపయే. ఆఫ్రికా జాతి క్యాట్‌ఫిష్ పెంపకమును భారత ప్రభుత్వము 2000వ సంవత్సరముననే నిషేధించినది.

ఇక మన కొర్రమీను. 2016లో తెలంగాణ తన రాష్ట్రపు చేపగా స్వీకరించినది దీనినే. దీనికి మొప్పలతోబాటు గాలి పీల్చు అవయవము తలలో గలదు. మాటిమాటికి పైకి వచ్చి గాలి పీల్చును. పైకి రానీయకుండ అడ్డగించినచో ఎదిగిన కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చచ్చును. తల్లిదండ్రులు పిల్లలను కాచును. ఇంత విశేషమైన చేప మరియొకటి దొరకుట యరుదు. అయినను ఇది రెండడుగుల వరకు సులభముగా పెరుగును; మూత లేనిచో ఎగిరి నేల బడును. కొర్రమీనును చెరువు గట్టున చూచుటయే యుక్తము.

4. తగిన చేప

ఈ పరీక్షలన్నిటికి నిలుచునది పాంచాక్స్ అను చిన్నచేప. ఇది భారతదేశపుదే, తీరప్రాంతపు కాలువలలోను, వరిచేలలోను, మడుగులలోను నివసించును. మూడంగుళములకు కొంచెము మించి పెరుగును. దాని తలపై వెండిచుక్కవలె మెరయు మచ్చ యుండుటచే వంగదేశమున దానిని మూడుకన్నుల చేప యందురు.

చిన్నదైనను ఇది నిజమైన వేటగాడే. దాని దేహనిర్మాణమే ఆ సంగతి చెప్పును. నోరు పైకి తిరిగియుండును. వీపు చదునుగా నుండును. వీపురెక్క తోకకు దగ్గరగా నుండును. నీటి ఉపరితలమునకు ఆనుకొని కదలక నిలిచి, ఎర సమీపింపగనే ఒక్క దూకున పట్టుకొను జీవికి ఇట్టి రూపమే తగియున్నది.

దాని కిష్టమైన యెర దోమపిల్లలు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుచున్నట్లు రోనాల్డ్ రాస్ 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. దోమల నాశనమునకై 1928లో గంబూసియా అను పరదేశపు చేపను మన దేశమునకు తెచ్చిరి. అది దోమపిల్లలతోబాటు స్వదేశపు చేపల గ్రుడ్లను, పిల్లలను కూడ తినుచున్నది. ఆ పని చేయగల చేప మన మడుగులలోనే యున్నదని పాంచాక్స్ తెలుపుచున్నది.

5. తొట్టి యేర్పాటు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతుగల తొట్టి అయిదారు చేపలకు చాలును. తొమ్మిదంగుళముల మేర నీరు పోసినచో సుమారు 42 లీటర్లు పట్టును. ఆ నీటి బరువే 42 కిలోగ్రాములు గనుక గట్టి బల్లపై నుంచవలెను. చేపలు ఎగురును గాన సన్నని వలగల మూత తప్పనిసరి. ఎండ నేరుగా తగులనీయరాదు. అంతరతామర వంటి తేలుమొక్కలు నీడనిచ్చును.

చేపల విసర్జనమువలన అమ్మోనియా పుట్టును. మేలుచేయు సూక్ష్మజీవులు దానిని మార్చి హానిని తగ్గించును. అవి స్పాంజి ఫిల్టరులో నెలకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. తొట్టి సిద్ధము చేసిన దినముననే చేపలన్నిటిని వేయుటచే పెక్కు తొట్టెలు పాడగుచున్నవి. పిమ్మట వారమున కొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. క్లోరిన్ కలిపిన కుళాయినీటిని మందుతో శుద్ధిచేసియే పోయవలెను.

6. ఆహారము

దోమపిల్లలను మురుగు కాలువలనుండి తేరాదు. పూలకుండీల పళ్లెములు, నీటితొట్టెలు వెదకి జల్లెడతో వడకట్టవలెను. పావుగంటలో చేపలు తినగలిగినంతయే వేయవలెను; మిగిలినవి దోమలై యెగురును. దొరకని దినములలో అంగడి మేత చిటికెడు చాలును. ఆదివారము పస్తుండుటవలన చేపలకు నష్టము లేదు. వేసవి సెలవులకు మాత్రము ఒక యింటిని ముందుగానే నిర్ణయింపవలెను. అట్టి యిల్లు దొరకనిచో చేపలను కొననే కూడదు.

బాలురకు ఒక జీవి మరియొక జీవిని చంపుట చూపనేల యని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. అవసరమునకు తినుట ప్రకృతిలో నిత్యము జరుగుచున్నది. దానిని దాచుటవలన జ్ఞానము కలుగదు. వినోదమునకై బంగారుచేపలను వేటచేప నోటికి విసరుట వేరు సంగతి. అది క్రౌర్యము, చేపకు రోగహేతువు కూడ.

కడపట ఒక నియమము. తొట్టిలోని చేపను గాని, మొక్కను గాని, ఏ కారణముచేతనైనను చెరువులో విడువరాదు. స్వదేశపు చేపయైనను తొట్టిలోని రోగమును వెంట తీసికొనిపోగలదు.

పరిశీలనకు ప్రశ్నలు

1. పాంచాక్స్ యెరను ఎంత దూరమునుండి గుర్తించుచున్నది?
2. దోమపిల్ల కదలనప్పుడు చేప దానిని పట్టుచున్నదా?
3. నీటి ఉపరితలమునకు సమాంతరముగా పండుకొను దోమపిల్ల అనాఫిలిస్. తల క్రిందుగా వ్రేలాడునది క్యూలెక్స్. మీరు తెచ్చినవి యేవి?
4. అయిదు చేపలు వారమునకు ఎన్ని దోమపిల్లలను తినినవి? దానిబట్టి మీ తరగతి వాలుగకు చెరువు కాగలదేమో లెక్కించి వ్రాయుడు.