పరాయి ప్రార్థనామందిరపు గడపయొద్ద

చదువవలసిన భాగములు: 2 రాజులు 5:15–19, అపొస్తలుల కార్యములు 17:16–34, 1 కొరింథీయులకు 9:19–23, 10:25–31

క్రైస్తవుడొకడు స్వదేశమును విడిచి, వేరొక జనాంగమువారి పల్లెలో పిల్లలకు చదువు చెప్ప వెళ్లినప్పుడు, అతనికి ఎదురగు పెద్ద చిక్కు పాఠములది కాదు, భాషదియు కాదు. ఆ ఊరివారి ఆరాధన గంట మ్రోగును. పిల్లలందరు పాదరక్షలు విడిచి లోనికి పోవుదురు. ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? వెలుపలనే నిలిచిన యెడల, తమ మాస్టరుగారు తమ్మును హీనముగా చూచుచున్నారని పిల్లలు తలంతురు. లోనికి వెళ్లిన యెడల, తన ప్రభువును మరుగుపరచితినేమో అని అతని మనస్సాక్షి గద్దించును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. యొర్దానులో శుద్ధి పొందిన నయమాను, తన రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో వంగునప్పుడు తానును వంగవలసి వచ్చునని ముందుగానే ఒప్పుకొని క్షమాపణ వేడుకొనెను. ఎలీషా అతనిని గద్దింపక సమాధానముతో పంపెను. పౌలు ఏథెన్సులోని విగ్రహములను చూచి పరితాపమొందెను. అయినను ఆ పట్టణస్థుల బలిపీఠపు వ్రాతనే ఆధారముగా చేసికొని పునరుత్థానుడైన క్రీస్తును ప్రకటించెను. ఈ రెండు సంగతులను ఎదుట నుంచుకొని, వంగదేశమున ఒక పల్లె పాఠశాలకు వచ్చిన ఇద్దరు ఆంగ్లేయుల చరిత్రను పరిశీలింతము.

1. ఆ పాఠశాల

కలకత్తాకు, అనగా నేటి కోల్‌కతాకు, ఉత్తరముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున బోల్పూరు కలదు. దాని చేరువనున్న బీడు భూమిని 1863లో బ్రహ్మసమాజ నాయకుడైన దేవేంద్రనాథ ఠాగూరు సంపాదించెను. అదియే శాంతినికేతనము. అచ్చట ఏ విగ్రహమునకును పూజ జరుగకూడదనియు, ఏ మతమువారి దైవమును దూషింపకూడదనియు 1888 నాటి ధర్మకర్తృత్వ పత్రములో నిబంధన కలదు. 1891లో గాజు పలకలతో ప్రార్థనామందిరము కట్టబడెను.

1901 డిసెంబరులో ఆయన కుమారుడు రవీంద్రనాథుడు కొద్దిమంది బాలురతో అచ్చట పాఠశాల ప్రారంభించెను. చెట్ల నీడనే తరగతులు జరుగుచుండెను. బుధవారము మందిరములో ఆరాధన జరుగు దినము. 1910 క్రిస్మసు దినమున రవీంద్రనాథుడు ఆ మందిరములోనే యేసుక్రీస్తునుగూర్చి ప్రసంగించెను. క్రీస్తు జన్మదినమును ఆచరించు వాడుక ఆ విధముగా అచ్చట ఏర్పడెను.

2. వచ్చిన ఇద్దరు

మొదటివాడు విలియం పియర్సన్. లండన్ మిషనరీ సొసైటీ పక్షమున కలకత్తాకు వచ్చి భవానీపూరులోని మిషను కళాశాలలో బోధించెను. వంగభాష నేర్చుకొనెను. పిమ్మట మిషను ఉద్యోగము విడిచి శాంతినికేతనము చేరెను.

రెండవవాడు చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూస్. 1871లో జన్మించి, ఇంగ్లండు సంఘములో గురుపట్టము పొంది, 1904లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. 1912లో లండనులో రవీంద్రనాథుని పద్యములను విని కదలింపబడెను. 1914 జనవరిలో ఈ యిద్దరు భారతీయ కూలీల పక్షమున దక్షిణాఫ్రికా వెళ్లిరి. డర్బను రేవులో ఆండ్రూస్ వంగి గాంధీగారి పాదములు తాకెను. మన దేశపు మర్యాదను ఒక తెల్లవాడు అట్లు పాటించుట అచ్చటి తెల్లవారికి మిక్కిలి అభ్యంతరమాయెను. ఆ సంవత్సరమే ఆయన శాంతినికేతనమును తన నివాసముగా చేసికొనెను.

3. వారు దేనిలో కలిసిరి?

వారు ధోవతి కట్టిరి, పిల్లలతో మందిరములో కూర్చుండిరి. అచ్చట వంగుటకు విగ్రహము లేదు గనుక, నయమానునకు కలిగిన ఇబ్బంది వారికి కలుగలేదు. అయితే వారి కలయిక మందిరముతో ముగియలేదు.

1915 మార్చిలో గాంధీగారు శాంతినికేతనమునకు వచ్చినప్పుడు, పనివారు లేకుండ విద్యార్థులును ఉపాధ్యాయులును తామే వంట చేసికొనవలెనని సలహా చెప్పెను. అంట్లు తోముట, పాకీపని చేయుట తక్కువ కులమువారి వంతని తలంచు దేశములో అది చిన్న సంగతి కాదు. పియర్సన్ మనఃపూర్వకముగా ఆ వంటశాల పనిలో దిగెను. చుట్టుపట్లనున్న సంతాల్ పల్లెకు పోయి ఆ బీద పిల్లలకు చదువు చెప్పెను. ఆయన 1923లో ఇటలీలో రైలునుండి పడి మరణించెను. శాంతినికేతనములోని ఆసుపత్రికి ఆయన పేరు పెట్టబడెను.

ఆండ్రూస్ 1915లో అచ్చటనే కలరా వ్యాధితో మరణద్వారము వరకు వెళ్లెను. కోలుకొనుచున్న దినములలో, భయభ్రాంతుడైన ఒక కూలివాని ముఖము ఆయన మనోనేత్రమునకు కనబడెను. ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వరకు సుమారు 60,000 మంది భారతీయులు ఐదేండ్ల ఒప్పందముమీద చెరకు తోటల పనికి కొనిపోబడిరి. 1903 మొదలుకొని మద్రాసు రేవున ఓడ లెక్కినవారిలో మన తెలుగువారును ఉండిరి. ఆండ్రూస్, పియర్సన్ అచ్చటికి వెళ్లి, కూలీల బ్రదుకును కన్నులార చూచి, 1916లో నివేదిక ప్రకటించిరి. 1917లో కూలీలను చేర్చుట నిలిచిపోయెను. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములు రద్దాయెను. ప్రజలు ఆండ్రూసును దీనబంధువని పిలిచిరి.

4. చెల్లించిన మూల్యము

ఈ చరిత్రను వెలుగు పక్షముననే చూపుట న్యాయము కాదు. ఇంగ్లండు సంఘపు విశ్వాసప్రమాణములలోని కొన్ని మాటలను మనస్సాక్షితో పలుకలేక, ఆండ్రూస్ 1914లో గురువు పరిచర్యను విడిచిపెట్టెను. ఆయన స్నేహితులు అనేకులు దుఃఖించిరి. ఇతరుల మందిరములో కూర్చుండువాడు తన సంఘములో ఒంటరివాడగు ప్రమాదము కలదని దీనివలన తెలియుచున్నది. అయితే ఆయన క్రీస్తును విడువలేదు. ఆ ప్రభువునకు తాను ఎంత ఋణపడియున్నాడో తెలుపుచు 1932లో ఒక గ్రంథమే వ్రాసెను. చివరి సంవత్సరములలో గురువు పరిచర్యను మరల చేపట్టెను. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ప్రభువునందు నిద్రించెను. అచ్చటి లోయర్ సర్క్యులర్ రోడ్డు క్రైస్తవ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

5. మనకు కావలసిన గురుతులు

నేడును మన యువతీయువకులు ఉపాధ్యాయులుగా పరరాష్ట్రములకును పరదేశములకును పోవుచున్నారు. వంగరాష్ట్రములోని ఒక పాఠశాలలో సరస్వతీ పూజ దినము వచ్చెననుకొనుడు. పిల్లలు పుస్తకములను ప్రతిమ యెదుట నుంచి పుష్పాంజలి ఘటింతురు. పిమ్మట అందరు కూర్చుండి కిచిడీ భుజింతురు. తెలుగు క్రైస్తవ ఉపాధ్యాయురాలు ఏమి చేయవలెను? మూడు గురుతులు ఆమెకు సహాయపడును.

మొదటిది: ఆ ఆరాధన ఎవరికి చెందుచున్నది? శాంతినికేతనములోని మౌనములో కూర్చుండుట వేరు, ప్రతిమకు పుష్పములు సమర్పించుట వేరు. ఆండ్రూస్ మాదిరి మొదటిదానికి సాక్ష్యమే గాని రెండవదానికి అనుమతి కాదు. పుష్పాంజలి తాను చేయజాలనని ఆమె ముందుగానే ప్రధానోపాధ్యాయునితో వినయముగా చెప్పవలెను. ఆ క్షణమున ముఖము త్రిప్పుకొనుటకంటె అది మేలు.

రెండవది: కలయికలో ప్రేమ యున్నదా? ఆవరణము ఊడ్చుటకు, కూరలు తరుగుటకు, చిన్నపిల్లలను కనిపెట్టుటకు ఏ ఆటంకమును లేదు. భోజనమునుగూర్చి పౌలు వ్రాసిన సంగతిని ఆమె ధ్యానించి, తన మనస్సాక్షిని మాత్రమే గాక, చూచుచున్న బలహీన సహోదరుని మనస్సాక్షినికూడ లెక్కచేయవలెను. పూజకు రాక, పనికిని రాక యుండు ఉపాధ్యాయురాలి విశ్వాసము పిల్లలకు గర్వమువలెనే కనబడును.

మూడవది: ఆమె ఎవరి మనిషియో అందరికిని తెలియునా? పౌలు అందరికిని అన్నివిధములైనవాడాయెను గాని క్రీస్తునకు వేరైనవాడు కాలేదు. ఆండ్రూస్ క్రైస్తవుడని శాంతినికేతనములో ఎరుగనివాడు లేడు. తన విశ్వాసమును దాచుకొని కలియువాడు స్నేహితులనుకూడ మోసపుచ్చుచున్నాడు.

గడపయొద్ద నిలిచినప్పుడు, నేను ఎంతవరకు వంగవచ్చును అను ప్రశ్న ఒకటే చాలదు. ఇచ్చట ఎవని పాదములు కడుగుటకు ప్రభువు నన్ను పంపెను అనియు అడుగవలెను. రెండవ ప్రశ్నకు జవాబు దొరికినవానికి మొదటి ప్రశ్న భయంకరముగా తోచదు.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. నయమాను మనవిని ఎలీషా అంగీకరించిన విధమునుండి, సహోదరులకు తీర్పు తీర్చుటనుగూర్చి ఏమి నేర్చుకొందుము?
2. మన పొరుగువారి పండుగ దినమున మనము మానుకొనవలసినవి ఏవి? తప్పక చేయవలసినవి ఏవి?
3. మనస్సాక్షి సందేహములవలన సంఘ పరిచర్య విడిచిన సహోదరునితో సంఘము ఏలాగు వ్యవహరింపవలెను?

ప్రార్థన: ప్రభువా, దూరదేశములలో బోధించుచున్న మా బిడ్డలకు నిన్ను దాచని ధైర్యమును, ఎవరిని త్రోసివేయని ప్రేమను దయచేయుము. ఆమేన్.