లైసెన్సు పిస్తోలు: కప్పియుంచినంతనే చాలునా?

బీజాపూరు బాటకు ఇరుప్రక్కల నిలిచియున్న మఱ్ఱిమానుల నీడను దాటి, మొయినాబాదు మండలమందలి సురంగల్ వంటి గ్రామముల పొలిమేరలలో తోటయిల్లు కట్టుకొని, రాత్రివేళల ఒంటిగా రాకపోకలు సాగించు గృహస్థులకు సహజముగా కలుగు సందేహమొకటి కలదు: ఆత్మరక్షణార్థము లైసెన్సు పొందిన పిస్తోలును చొక్కా మాటున దాచుకొని తిరుగుట నేరమగునా?

నేరము కాదు సరికదా, బహిరంగస్థలమున దానిని కానరానీయకుండుటయే విధి. 2016 నాటి ఆయుధ నిబంధనల ననుసరించి చేతితుపాకిని శరీరమునకు కట్టుకొన్న హోల్‌స్టరులో గాని, తత్సమానమైన సంచిలో గాని పూర్తిగా కప్పి తీసికొనిపోవలెను. అంతేకాదు, తీసికొనిపోవువానికి దానిపై ఆధీనము ఉండవలెను. మొదటి షరతును పాటించుట సులభము. రెండవదానిని విస్మరించుటవలననే ప్రమాదములును, వాటి వెనువెంట కేసులును వచ్చుచుండును.

నడుమునకు ఉత్తినే దోపుకొన్న పిస్తోలు కప్పబడియున్నదే గాని వశమందున్నది కాదు. ట్రిగ్గరును సంపూర్ణముగా మూయు గట్టి హోల్‌స్టరు అవశ్యము. చేజారి పడుచున్న ఆయుధమును గాలిలోనే పట్టుకొనబోవువాని వ్రేలు ట్రిగ్గరుమీద పడవచ్చును గనుక, దానిని పడనిచ్చి పిదప తీసికొనుటయే క్షేమము. చిలుకూరు బాలాజీ సన్నిధికి ప్రదక్షిణలకు పోవుచు పిస్తోలును కారు అరలో వదలిపోవుటకంటె, ఆనాడు దానిని ఇంటనే తాళపు పెట్టెలో భద్రపఱచి, తూటాలను వేఱొకచోట నుంచి వెళ్ళుట మేలు. ఇంట పిస్తోలును ఖాళీ చేయునపుడు ముందుగా మ్యాగజైనును తొలగించి, పిమ్మట ఛాంబరును తెఱచి కన్నులార చూడవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో, ఛాంబరులోని తూటా బయటపడినను మ్యాగజైనులోని మఱియొకటి ఆ స్థానమున చేరి కూర్చుండును. మద్యము ముట్టిన దినమున ఆయుధమును ముట్టరాదని వేఱుగ చెప్పనేల?

చెప్పవలసియే యున్నది. ఈ ప్రాంతపు ఫారంహౌసులలో జరుగు విందులను తలచుకొన్నపుడు, తోట నాది, తుపాకి నాది, పైనున్న ఆకాశముకూడ నాదియే యను ధోరణి ఎంత ప్రమాదకరమో తోచును. ఆయుధచట్టపు 2019 సవరణ పెండ్లిళ్ళలోను ఇతర వేడుకలలోను ఉత్సాహార్థము జరుపు కాల్పులను ప్రత్యేక నేరముగా పేర్కొని, రెండేండ్లవరకు జైలుగాని, లక్షరూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధించుచున్నది. 2020 డిసెంబరులో ఆదిలాబాదునందు పిల్లల క్రికెట్టు ఆటలో పుట్టిన తగవు లైసెన్సు గల తుపాకి కాల్పులవఱకు పోయి, ఒక ప్రాణమును బలిగొని, కాల్చినవానికి యావజ్జీవ కారాగారమును తెచ్చిపెట్టినది. లైసెన్సు అతనిని కాపాడలేదు.

భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును గుర్తించినను, రక్షణకు అవసరమైనంత హానికి మించి చేయుటకు అనుమతింపదు. పాఱిపోవుచున్న దొంగ వెన్నుపై కాల్చి, ఈ హక్కును చెప్పుకొని బయటపడుట దుస్సాధ్యము. అమెరికానుండి తిరిగివచ్చిన మనవారు కొందఱు అచ్చటి రాష్ట్రపు పర్మిట్టు ఇచ్చటకూడ చెల్లుననుకొందురు, చెల్లదు. అచ్చట ఆయుధధారణ రాజ్యాంగపు హక్కు, ఇచ్చట 1959 ఆయుధచట్టము క్రింద పొందవలసిన అనుమతి మాత్రమే. అయినను దరఖాస్తుదారుడు నిస్సహాయుడు కాడు: తిరస్కరించిన అధికారి కారణములను వ్రాతలో నమోదు చేయవలెను, ప్రజాహితమునకు భంగకరము కానిచో కోరినవానికి తెలుపవలెను, ఆ ఉత్తరువుపై అప్పీలు చేసికొనవచ్చును.

లైసెన్సు ఐదేండ్లు చెల్లును. పోలీసు అధికారి అడిగినపుడు దానిని చూపవలెను. ఆయుధము పోయినచో ఆలస్యము లేకుండ సమీప పోలీసుస్టేషనులో తెలుపవలెను.

ఇక పెద్దల తుపాకుల సంగతి. తండ్రి మరణించిన తరువాత ఆయన పిస్తోలును జ్ఞాపకార్థమని బీరువాలో దాచుకొను కుమారుడు, తాను ఒక్క తూటాయైన కాల్చకున్నను, లైసెన్సు లేని ఆయుధమును కలిగియున్నవాడగును. అందుకు రెండేండ్లకు తగ్గని, ఐదేండ్లవఱకు సాగగల జైలుశిక్ష కలదు. కనుక దానిని జాప్యము లేక పోలీసుస్టేషనులోగాని, లైసెన్సు గల ఆయుధ వర్తకునివద్దగాని అప్పగించి, రసీదు పొంది, పిదప తనపేర లైసెన్సుకై దరఖాస్తు పెట్టుకొనవలెను.