తల్లి చేసిన దానము

సన్న్యసించిన యువకుని వైరాగ్యమును లోకము కొనియాడును. అతనిని విడిచిన తల్లిని తలచువారు అరుదు. కుమారుడు గడప దాటుట ఒక్కనాటి పని. తల్లికి ఆ వియోగము ప్రతిదినమును క్రొత్తదే. విస్తరి వేయునపుడును, పండుగ వచ్చినపుడును, అప్పులవాడు వాకిట నిలిచినపుడును ఆమె ఆ బిడ్డను మరల మరల ఇచ్చివేయవలసియుండును. ఈ విషయమును గ్రహించుటకు వివేకానందస్వామి మాతృమూర్తి భువనేశ్వరీదేవి చరిత్ర మిక్కిలి తోడ్పడును.

పుత్రసంతానమునకై ఆమె కాశీయందలి వీరేశ్వరునకు బంధువులచే పూజలు చేయించెను. 1863 జనవరి 12వ తేదీన నరేంద్రుడు జన్మించెను. బాలుని అల్లరి మితిమీరినపుడు శివనామము నుచ్చరించుచు తలపై చన్నీరు పోసి శాంతింపజేయుచుండెడిది. శివుని అడిగి తెచ్చుకొన్న బిడ్డను శివుడే మరల అడుగునని ఆ దినములలో ఏ తల్లికి తోచును?

1884 ఫిబ్రవరిలో భర్త విశ్వనాథదత్తుడు ఆకస్మికముగా మరణించెను. న్యాయవాదియై ఆయన విశేషముగా ఆర్జించెను, అంతకుమించి వ్యయపరచెను. అప్పులు మిగిలెను. జ్ఞాతులతో ఇంటి వ్యాజ్యము మొదలయ్యెను. కనిష్ఠపుత్రుడు భూపేంద్రునకు అప్పటికి నాలుగేండ్లైనను నిండలేదు. 21 ఏండ్ల నరేంద్రుడు కాళ్లకు చెప్పులైనను లేక ఉద్యోగమునకై కచేరీల వెంట తిరిగెను. ఇంట అన్నము చాలని దినమున, తనకు వేరొకచోట విందు కలదని తల్లితో చెప్పి పస్తుండెడివాడు. తల్లులు ఇట్టి మాటలను నమ్మినట్లు కనబడుదురే గాని నమ్మరు. అట్టి యింటినుండి అట్టి జ్యేష్ఠపుత్రుడు 1887 ప్రారంభమున సన్న్యాసియయ్యెను.

ఇచట మరియొక తల్లిని స్మరింపవలెను. తరువాత ప్రేమానందస్వామియైన బాబూరాముని తల్లి మాతంగినీదేవిని, కుమారుని తమకిమ్మని శ్రీరామకృష్ణులు స్వయముగా అడిగిరి. ఆమె సంతోషముతో ఇచ్చి, తనకు భగవద్భక్తిని, బిడ్డల మరణమును చూడకుండు భాగ్యమును మాత్రమే కోరెను. ఆ దానము మహనీయమే. కాని అది కలిగిన కుటుంబము. ఆకలి ఆ వాకిట నిలిచియుండలేదు. భువనేశ్వరీదేవి దానమునకు పేదరికమే తూనికరాయి.

సన్న్యాసి హృదయము శిలయగునని కొందరు తలతురు. 1893 ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబు కళాశాలయందు తన పాశ్చాత్యదేశ యాత్రోద్దేశమును గూర్చి గంభీరముగా ప్రసంగించిన ఈ స్వామియే, ఆ ప్రయాణమునకు పూర్వము మద్రాసునందున్నపుడు తల్లి మరణించినట్లు కలగని కలత జెందెను. ఆమె క్షేమముగా నున్నదని కలకత్తానుండి తంతి వచ్చినపిదపగాని మనస్సు కుదుటపడలేదు. మే 31వ తేదీన బొంబాయిలో ఓడ నెక్కెను.

1894 డిసెంబరులో అమెరికాయందలి కేంబ్రిడ్జి నగరమున భారతస్త్రీల ఆదర్శమును గూర్చి ఆయన పలికిన మాటలు విని, అచటి స్త్రీలు క్రిస్మసు సమయమున ఆయనకు తెలియకుండ భువనేశ్వరీదేవికి ఒక లేఖను, మేరీమాత ఒడిలో బాలయేసు ఉన్న పటమును పంపిరి. ఆ పటములోని తల్లియు కుమారుని లోకమునకిచ్చినదే గదా!

కీర్తి వలన ఇల్లు గడవదు. ఖేత్రీ సంస్థానాధీశుడు అజిత్‌సింగు నెలకు 100 రూపాయలు పంపుచుండెను. తాను గతించినను తల్లి జీవించియున్నంతకాలము ఆ సహాయము నిలుపుమని 1898లో స్వామి ఆయనకు వ్రాసెను. ఆనాడు తల్లిని విడుచుట గొప్ప త్యాగమైనచో, ఇపుడు తల్లిచెంతకు మరలుట అంతకంటె గొప్ప త్యాగమని ఆయన వ్రాసిన మరియొక లేఖలోని భావము. వెనుక శంకరాచార్యులకును ఇట్టి స్థితియే కలిగెనని ఆయన తలచుకొనెను. మాతృఋణమును యతిధర్మము మాపజాలదని ఆయన ఎరుగును.

1901లో ఆ ఋణము కొంత తీరెను. తూర్పువంగమునందలి లాంగల్‌బంధ్ వద్ద బ్రహ్మపుత్రలో తల్లికి స్నానము చేయించి, చంద్రనాథ కామాఖ్యా క్షేత్రములకు వెంటబెట్టుకొని పోయెను. హైందవ వితంతువునకు తీర్థయాత్ర ఎట్టి కోరికయో వేరుగ చెప్పనక్కరలేదు. అప్పటికే ఆయన ఆరోగ్యము మిక్కిలి చెడియుండెను.

మరుసటి సంవత్సరము జూలై 4వ తేదీన బేలూరులో స్వామి దేహము చాలించెను. మాతంగినీదేవి కోరిన వరము ఈ తల్లికి లభింపలేదు. 1907లో భూపేంద్రుడు రాజద్రోహ నేరముపై చెరసాలకేగెను. విడుదలైన పిమ్మట విదేశమునకు పోయెను. 1911 జూలై 25వ తేదీన భువనేశ్వరీదేవి కన్నుమూయునాటికి అతడు అమెరికాలోనే యుండెను.