చేతివేళ్ళ కీళ్ళ అరుగుదల – ఆపరేషను ఎప్పుడు? ఏది?

మీ ఇంట్లో పెద్దవారు వేళ్ళు పట్టేస్తున్నాయని, చెంబు కూడా పట్టుకోలేకపోతున్నామని అంటున్నారా? కీళ్ళలోని మెత్తని పొర అరిగి, ఎముకకు ఎముక రాసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. దీనినే డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. గోటి దగ్గరి కీలు, వేలి నడిమి కీలు, బొటనవేలి మొదలు – ఈ మూడు చోట్ల ఇది ఎక్కువ. కీలు పక్కన గట్టి బుడిపెలు కూడా వస్తాయి.

పొద్దున్నే గంటకు పైగా వేళ్ళు బిగుసుకుపోయి, మణికట్లు వాచి వెచ్చగా ఉంటే అది వేరే రకం కీళ్ళవాతం కావచ్చు. దానికి వైద్యం వేరు. కనుక ముందు పరీక్ష చేయించండి.

ఆపరేషను అందరికీ అవసరమా?

అవసరం లేదు. చాలామందికి వేడి కాపడం, వేళ్ళ వ్యాయామం, బొటనవేలికి పట్టీ, పైపూత మందులతో సరిపోతుంది. ఇవన్నీ చేసినా నొప్పికి నిద్ర పట్టక, అన్నం కలుపుకోవడం కూడా కష్టమైతే అప్పుడు ఆపరేషను గురించి ఆలోచించాలి.

ఏయే ఆపరేషన్లు ఉన్నాయి?

1. కీలును అతికించడం: గోటి దగ్గరి కీలుకు ఎక్కువగా ఇదే చేస్తారు. అరిగిన కొనలు తీసివేసి, రెండు ఎముకలను స్క్రూతో గాని తీగతో గాని కలుపుతారు. అతుక్కోవడానికి సుమారు 6 నుండి 8 వారాలు పడుతుంది. నొప్పి పోతుంది, పట్టు నిలుస్తుంది. కాని ఆ కీలు ఇక వంగదు.

2. కృత్రిమ కీలు: నడిమి కీలుకు పెడతారు. సిలికాన్ కీళ్ళు 1960ల నుండి వాడుకలో ఉన్నాయి. వేలు వంగుతుంది; కాని బరువు పనికి ఆగదు, కొన్నేళ్ళకు విరగవచ్చు. అందుకే గట్టిగా పట్టే చూపుడు వేలికి తరచు అతికించడమే మేలంటారు.

3. చిన్న ఎముకను తీయడం: బొటనవేలి మొదట్లో అరిగిన ఎముకను తీసివేస్తారు. నొప్పి బాగా తగ్గుతుంది. పట్టు తిరిగి రావడానికి 3 నుండి 6 నెలలు ఆగాలి.

ఏ ఆపరేషనులోనైనా చీము పట్టడం, బిగుసుకుపోవడం వంటి ఇబ్బందులు కొందరికి రావచ్చు.

మీరు చేయవలసినవి

• రోగి చేసే పని డాక్టరుకు చెప్పండి. మిరపకాయలు ఏరే చేతికి, తునికాకు కోసి కట్టలు కట్టే చేతికి, కొడవలి పట్టే చేతికి కావలసిన పట్టు ఒకటి కాదు. వేలు వంగడం ముఖ్యమా, నొప్పి లేని గట్టి పట్టు ముఖ్యమా? ఇది రోగితో కలిసి తేల్చుకోండి.

• పనుల కాలం చూసుకోండి. తునికాకు ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ఆ కూలి పోకూడదనుకుంటే డాక్టరును అడిగి ఆపరేషను తేదీ ముందే పెట్టుకోండి. కట్టు ఉన్నన్నాళ్ళు నీళ్ళు మోయడం, వంట మీరే చూసుకోండి.

• షుగరు ఉంటే ముందుగా అదుపులోకి తేవాలి.

• వెంటనే తగ్గిస్తామని ఊళ్ళో ఇచ్చే పేరు తెలియని బిళ్ళలు, సూదులు వద్దు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

• ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

కట్టు విప్పాక నేర్పిన వ్యాయామం రోజూ చేయించండి. ఆపరేషను డాక్టరు చేసినా, వేళ్ళకు మళ్ళీ పని నేర్పేది ఇంటివారే.