పని అప్పజెప్పిన రోజే బిల్లు

చిరంజీవి కిశోర్‌కి,



ఉద్యోగం మానేసి సొంతంగా ఎడిటింగ్ పనులు పట్టుకున్న కొద్ది నెలల్లోనే నీకు చేతినిండా పని ఉందని అమ్మ చెబితే సంతోషం వేసింది. నువ్వు ఫోన్లో చెప్పిన మాటతో మాత్రం కంగారు పట్టుకుంది. ఆ విత్తనాల కంపెనీకి మూడు వీడియోలు ఇచ్చేశావు, నాలుగోది నడుస్తోంది, ఇంతవరకూ ఒక్క బిల్లు పంపలేదు. "అన్నీ అయ్యాక ఒకేసారి పంపుతానక్కా, మధ్యలో అడిగితే ఏం బావుంటుంది" అన్నావు. ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

బిల్లు పంపడానికి పని అప్పజెప్పిన రోజుని మించిన రోజు లేదు. వీడియో చూసి మేనేజరు "అదిరింది" అని మెసేజ్ పెట్టిన పూట నీ బిల్లు వెళ్తే ఆయనే దాన్ని అకౌంట్స్‌కి పంపి, వెంటపడి పాస్ చేయిస్తాడు. నెల పోయాక ఆయన ధ్యాస ఇంకో పని మీద ఉంటుంది. రెండు నెలలు పోతే ఆయనకే బదిలీ కావచ్చు. ఆ కుర్చీలోకి వచ్చినాయన "ఏ పని? ఎవరు చెప్పారు? ఎంతకి ఒప్పుకున్నారు?" అని మొదట్నుంచీ అడుగుతాడు. పాపం, ఆయన తప్పేం లేదు, ఆయన ముందున్నది ఒక్క కాగితమే. పుస్తకాల డిజైన్లు, కంపెనీల వార్షిక నివేదికలు చేస్తూ నేను చూసినంతలో, కావాలని ఎగ్గొట్టేవాళ్లు తక్కువ. ఆలస్యంగా వెళ్లిన బిల్లు ఎవరికీ పట్టక ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూ ఆగిపోయే డబ్బే ఎక్కువ.

చాలా కంపెనీల్లో బిల్లులు తీసుకోవడానికి నెలలో ఒక గడువు ఉంటుంది. 25వ తేదీ అనుకో. ఆలోపు అందినవి వచ్చే నెల మొదట్లో పాసవుతాయి. 26న అందినది ఇంకో నెల ఆగుతుంది. ఒక్క రోజు తేడాకి నెల రోజులు పోయినట్టే. ఆ తేదీ ఏమిటో పని మొదలుపెట్టేముందే అకౌంట్స్‌లో కనుక్కో. మేనేజర్ని అడిగితే సాధారణంగా ఆయనకి తెలియదు. పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబరు, వెండర్ కోడ్, బిల్లు ఏ పేరు మీద ఉండాలి, ఏ మెయిల్‌కి పంపాలి, ఇవన్నీ కూడా అప్పుడే రాసిపెట్టుకో. పీఓ నంబరు లేని బిల్లుని తిప్పి పంపితే అదృష్టమే, చాలాచోట్ల ఆ మాట కూడా చెప్పకుండా పక్కన పడేస్తారు. బిల్లు పంపిన రెండు మూడు రోజులకి "అందిందా అండీ, అందులో ఏమైనా తక్కువైందా" అని ఒక్క ఫోన్ చెయ్యి.

ఇక నీ మొహమాటం సంగతి. మన ఇల్లు కట్టినప్పుడు నువ్వు చిన్నవాడివి, గుర్తుందో లేదో. మేస్త్రీ పునాదికి ఇంత, స్లాబుకి ఇంత, ప్లాస్టరింగుకి ఇంత అని ముందే నాన్నతో తేల్చుకున్నాడు. శనివారం సాయంత్రం కూలీల బట్వాడా ఎప్పుడూ ఆగలేదు. గృహప్రవేశం అయ్యాక మొత్తం ఒకేసారి ఇస్తామంటే ఏ మేస్త్రీ పార పట్టుకుంటాడు? డబ్బు అడిగాడని నాన్న ఆయన్ని తక్కువగా చూడలేదు సరికదా, అంత లెక్కగా ఉన్నాడని నమ్మి బాబాయి ఇంటి పని కూడా ఆయనకే ఇప్పించాడు. నీదీ అలాంటి కష్టమే. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాబట్టి అడగకూడదనుకోవడం ఎక్కడి న్యాయం?

కొత్తవాళ్ల దగ్గర సగం అడ్వాన్సు అందాకే మొదలుపెట్టు. చిన్న పనైతే ఆ సగం, మిగతా సగం అప్పజెప్పగానే, అంతే. పెద్ద పనిని మూడు భాగాలు చెయ్యి: ఒప్పుకున్నప్పుడు, మొదటి కట్ ఇచ్చినప్పుడు, చివరి ఫైలు ఇచ్చినప్పుడు. ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చూసుకో. రెండో బిల్లు "మొదటి కట్ ఓకే అయ్యాక" అని రాశావంటే నీ డబ్బు వాళ్ల తీరికని బట్టి వస్తుంది. వాళ్ల ఎండీ దుబాయ్ వెళ్తాడు, ఆయన వచ్చేదాకా ఓకే రాదు. "మొదటి కట్ పంపిన రోజున" అని రాసుకో, అది నీ చేతిలో ఉండే తేదీ. దాని కింద ఇంకో వాక్యం: ఏడు రోజుల్లో మార్పులేవీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆఖరి సొమ్ము అందేవరకూ వాటర్‌మార్క్ ఉన్న ఫైలే ఇవ్వు, ప్రాజెక్ట్ ఫైళ్లు అసలే ఇవ్వకు. పని మధ్యలో వాళ్లవైపు ఆగిపోతే, ఆగిన నెలాఖరుకి అప్పటిదాకా చేసినంతకి బిల్లు పంపేసెయ్. నెలనెలా ఇంత అని మాట్లాడుకున్న పనికైతే ఒకటో తేదీన, ఆ నెలకి ముందుగానే.

చట్టం కూడా నీవైపే ఉంది, వాడుకోవడం తెలియాలి. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది, రుసుము ఏమీ లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం నీలాంటి చిన్న సంస్థకి, రాతపూర్వకంగా గడువు రాసుకోకపోతే, పని అందుకున్న 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాసుకున్నా 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వ్ బ్యాంక్ రేటుకి మూడింతల చొప్పున చక్రవడ్డీ. పైగా 2023-24 నుంచి, ఈ గడువు దాటించిన బాకీని కంపెనీ డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలదు. అందుకే మార్చి వచ్చేసరికి ఆడిటర్లే "మీకు ఉద్యమ్ ఉందా" అని అడుగుతుంటారు. ఆ నంబరు బిల్లు పైనే వెయ్యి. ఇంకొకటి, నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది: డబ్బు ఎప్పుడివ్వాలో మాట్లాడుకోని పనికి కోర్టులో దావా వేసే గడువు మూడేళ్లు. అది పని పూర్తయిన రోజు నుంచి నడుస్తుంది. బిల్లు రాయకుండా నువ్వు కూర్చున్న రోజులన్నీ అందులోంచే పోతాయి.

జీఎస్టీ నీకు ఇప్పుడే అక్కర్లేదు. మన దగ్గర సేవలకి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్టర్ కావాలి, అప్పటిదాకా బిల్లులో ఆ గడే పెట్టకు. రిజిస్టరయ్యాక పని పూర్తయిన 30 రోజుల్లోపు ఇన్‌వాయిస్ ఇచ్చి తీరాలి, డబ్బు వచ్చినా రాకపోయినా పన్ను కట్టాలి. నెలవారీ రిటర్ను వేసేవాళ్లు జూన్ 30 తేదీతో బిల్లు రాస్తే జూలై 20కి కట్టాలి, జూలై 1 తేదీతో రాస్తే ఆగస్టు 20 వరకూ సమయం దొరుకుతుంది. బిల్లుని ఒక్క రోజు ఆపమని నేను చెప్పే సందర్భం అదొక్కటే. మార్చిలో మాత్రం ఆ ఒక్క రోజు కూడా వద్దు. ఏప్రిల్‌లో పాత ఏడాది బిల్లు వెళ్తే, లెక్కలు మూసేశామని అకౌంట్స్ వాళ్లు ముఖం చిట్లిస్తారు. మార్చి బిల్లు మీద టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) ఆ ఏడాదిలోనే కోస్తారు, డబ్బు మేలో రావచ్చు. రెండూ ఒకే ఏడాది లెక్కలో పడేలా చూడమని మన ఆడిటర్‌కి ముందే చెప్పిపెట్టు.

బంధువుల పనుల గురించి ఎక్కువ రాయను. పెద్దమామయ్య వాళ్ల అబ్బాయి పెళ్లి వీడియో ఊరికే చేస్తావా, డబ్బుకి చేస్తావా అనేది షూటింగ్ ఫుటేజీ నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కకముందే చెప్పెయ్. ఊరికే చేస్తే మనసారా చెయ్యి. డబ్బుకైతే బయటివాళ్లకిచ్చినట్టే బిల్లు ఇవ్వు.

ఇప్పుడు విత్తనాల కంపెనీకి మూడు వీడియోలకీ విడివిడిగా మూడు బిల్లులు రాయి. ఒకదాని మీద ఏదైనా పేచీ వచ్చినా మిగతా రెండూ ఆగవు. పాత తేదీలు వెయ్యకు, ఈరోజు తేదీయే వేసి, ఏ వీడియో ఏ రోజున అప్పజెప్పావో కింద ఒక వరుసలో రాయి. అప్పజెప్పినప్పటి మెయిళ్లు కూడా జత చెయ్యి. నాలుగోదానికి మొదటి కట్ పంపే మెయిల్‌లోనే దాని సగం బిల్లు పెట్టు. ఐదోది అడిగితే "అడ్వాన్సు అందగానే మొదలుపెడతానండీ" అను, అంతకుమించి ఏమీ అనక్కర్లేదు. పంపేముందు ఆ మూడు బిల్లులూ నాకు వాట్సాప్ చెయ్యి. పీఓ నంబరు, పాన్, బ్యాంకు వివరాలు సరిచూసి రాత్రికే చెబుతాను.

ప్రేమతో,
అక్క